తిరుపూరు అని నేనే చెప్పాను

మా నాన్న చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. నూలు వడికే యంత్రాల్లో ఏది మొరాయించినా ఆయన్నే పిలిచేవాళ్ళు. మిల్లుకి ఎదురు సందులో వరసగా అద్దె గదులుండేవి. చివరి గది మాది. అమ్మ, నాన్న, నేను, నాకంటే ఏడేళ్ళు చిన్నదైన చెల్లి. ఎండాకాలం వస్తే అమ్మ మిరపకాయల గోదాములో తొడిమలు తీసే పనికి వెళ్ళేది. సాయంత్రం వచ్చాక రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో ముంచుకుని గుమ్మంలో కూర్చునేది. ఆ చేతులతో మమ్మల్ని ముట్టుకునేది కాదు. మంట తగ్గాక చెల్లి తనంతట తనే వెళ్ళి ఒళ్ళో పడేది.

నేను తొమ్మిదో తరగతి, చెల్లి రెండో తరగతి పూర్తి చేసిన ఏడు మిల్లు మూతపడింది. ఒక్కసారిగా ఏం కాలేదు. మొదట రాత్రి షిఫ్టు తీసేశారు. కొన్నాళ్ళకి రెండో షిఫ్టూ ఆగింది. తొంభైల చివర్లో ఒక ఎండాకాలం పొద్దున గేటుకి కాగితం అంటించారు. నాన్న వెళ్ళి అది చదివి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, పొద్దున కట్టిచ్చిన క్యారియరు అమ్మ చేతికిచ్చాడు. మూత కూడా తీయలేదు. ఆ అన్నాన్నే మధ్యాహ్నం నలుగురం తిన్నాం.

తర్వాత రెండు మూడు వారాలు సందంతా ఒకటే మాట. ఎటు వెళ్దాం? కొందరు గుంటూరు వెళ్ళి కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు మోసే పనికి కుదిరారు. కొందరు సొంతూళ్ళకి పోయి పత్తి కౌలుకి తీసుకున్నారు. సత్తెనపల్లి దగ్గర ఉండే మా పెద్దమ్మ, పెదనాన్న మమ్మల్నీ అట్లాగే రమ్మన్నారు. కానీ ఆ ఏడు పత్తికి పురుగు పట్టి, మందు మీద మందు కొట్టి, చేను చేనంతా వట్టి పుల్లలు మిగిలిన సంగతి నాన్న కళ్ళారా చూసొచ్చాడు. పైగా ఆయనకి నాగలి పట్టడం రాదు. పదహారో ఏట మిల్లులో చేరిన మనిషి.

చివరికి రెండు దారులు మిగిలాయి. మా మామయ్య, అంటే అమ్మకి తమ్ముడు, హైదరాబాదు కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్. పక్కనే ఇంకో అపార్ట్‌మెంటు కొత్తగా కట్టారని, దానికి వాచ్‌మన్ కావాలని, ఉండటానికి గది కూడా ఇస్తారని ఫోన్ చేశాడు. అమ్మ ఫ్లాట్లలో పని చేసుకోవచ్చు. వీధి చివర తెలుగు మీడియం బడి ఉంది. రెండోది తిరుపూరు. నాన్నతో పాటు పనిచేసిన ఒక ఫిట్టరు ముందే తమిళనాడు వెళ్ళిపోయాడు. అక్కడ బనియన్ల కంపెనీల్లో మిషన్లు బాగుచేసేవాళ్ళకి కొరత ఉందని, వచ్చిన రోజే పనిలో పెట్టుకుంటారని కబురు పెట్టాడు.

ముందు హైదరాబాదు చూసొద్దామన్నాడు నాన్న. అక్కడి హైస్కూలు కూడా చూడొచ్చని నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. ఎర్రబస్సెక్కాం. దారి పొడుగునా బొటనవేలి గోటితో చూపుడువేలి మీది గట్టి చర్మాన్ని గోక్కుంటూ కూర్చున్నాడు.

మామయ్య మమ్మల్ని ఆ కొత్త అపార్ట్‌మెంటుకి తీసుకెళ్ళాడు. వాచ్‌మన్ గది కింద, కార్లు పెట్టే చోట, మెట్ల పక్కన. కిటికీ లేదు గానీ కొత్త సున్నం వేసి శుభ్రంగానే ఉంది. నాన్న లోపలికి వెళ్ళి గోడ తట్టి చూశాడు. బయటికి వస్తుంటే లిఫ్టులోంచి ఒక పెద్దమనిషి దిగాడు. చేతిలో తాళాలు, పక్కన షటిల్ బ్యాటు పట్టుకుని నా వయసు అమ్మాయి.

"కొత్తగా వచ్చింది నువ్వేనా? కారు తుడవలేదేం?" అన్నాడాయన నాన్నతో.

"ఇంకా చేరలేదండీ," అన్నాడు నాన్న.

"చేరేదేముంది, గుడ్డ అక్కడుంది చూడు."

ఆయన కసురుకోలేదు. మామూలుగానే అన్నాడు. నాన్న ఒక్క క్షణం మామయ్య వంక చూసి, గోడకి ఆరేసి ఉన్న గుడ్డ తీసుకుని కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. మిల్లులో అంత పెద్ద యంత్రాన్ని విప్పి నేల మీద పరిచి, సాయంత్రానికి మళ్ళీ బిగించే మనిషి. అద్దాన్ని కూడా అంతే శ్రద్ధగా తుడిచాడు. ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి స్నేహంగా అడిగింది.

"మీరు కొత్త వాచ్‌మన్ వాళ్ళా?"

"కాదు," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

నాన్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తుడిచాడు. "అలవాటైపోద్ది బావా," అన్నాడు మామయ్య తర్వాత, నవ్వడానికి ప్రయత్నిస్తూ. ఆ మధ్యాహ్నం హైస్కూలు కూడా చూశాం. పెద్ద ఆవరణ, మంచి లైబ్రరీ. దాని గురించి ఇంటికొచ్చాక నేను అమ్మకి ఏమీ చెప్పలేదు. నాన్నా చెప్పలేదు.

ఆ తర్వాత వారం నాన్న ఒక్కడే తిరుపూరు వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన గోళ్ళలో గ్రీజు ఉంది. అక్కడ స్నేహితుడు కంపెనీలోకి తీసుకెళితే, ఆగిపోయిన మిషను ఒకటి చూపించి నువ్వు చెయ్యగలవా అని అడిగారట. అంతకుముందు అట్లాంటిది ఆయన ముట్టుకోలేదు. పొద్దుగూకేలోగా నడిపించాడు. ఇంట్లో అడుగు పెట్టింది మొదలు అదే చెప్పాడు.

"గుండ్రంగా తిరుగుతా ఉంటదే, కిందికి గుడ్డ దిగుద్ది, గొట్టం మాదిరి. ఎక్కడా కుట్టనేది ఉండదు. దాని సంగతేంటో నాకు రెండు గంటల్లో తెలిసిపోయింది."

చెల్లికి ఒక పసుప్పచ్చ బనియను తెచ్చాడు. అది మోకాళ్ళ దాకా వచ్చింది. అదే వేసుకుని సందంతా తిరిగింది.

మర్నాడు సాయంత్రం గుమ్మం ముందు కూర్చున్నాం. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"తిరుపూరులో నా పని నాకుంటుంది," అన్నాడు నాన్న.

"హైదరాబాదులో పిల్లలకి బడి ఉంటుంది," అంది అమ్మ తలెత్తకుండా.

"అక్కడా తెలుగు బడి ఉందంట."

"ఉందంట ఏంటండీ? చూశారా మీరు?"

నాన్న గొంతు పెంచాడు. "అయితే నన్ను కార్లు తుడవమంటావు. అంతేగా?"

"తుడిస్తే ఏమైంది? నేను మిరపకాయల్లో చేతులు పెట్టట్లేదా?"

పక్క గదుల వాళ్ళు తొంగిచూశారు. అప్పుడు నాన్న నా వైపు తిరిగాడు. "పెద్దదానా, నువ్వు చదువుకుంటున్నదానివి. రెండో మాట లేదు. నువ్వెటంటే అటే."

నాకు పద్నాలుగేళ్ళు. తప్పించుకుని ఉండొచ్చు, నాకేం తెలుసు నాన్నా అని ఉండొచ్చు. కానీ ఆయన నన్నెందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు. కూకట్‌పల్లిలో నా నోటి వెంట వచ్చిన మాట ఆయన విన్నాడు. అమ్మ వినలేదు.

"తిరుపూరే," అన్నాను. "చిన్నపిల్లలకి భాష ఎంతలో వస్తుందమ్మా. మూడు నెలల్లో అది తమిళం గడగడా మాట్లాడుతుంది. నాకు పదో తరగతి కదా, నేను పెద్దమ్మ వాళ్ళింట్లో ఉండి పరీక్ష రాస్తాను."

అమ్మ చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. తర్వాత మళ్ళీ బియ్యం ఏరుకుంది. ఆ మాటలో నాన్న పనికి దారి ఉంది, నా చదువుకి దారి ఉంది. చెల్లికే లేదు. ఆ వయసులో నాకది తట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది. తట్టింది. పక్కకి నెట్టేశాను. వాచ్‌మన్ కూతురిగా ఆ అమ్మాయికి మళ్ళీ ఎదురుపడాల్సిన అవసరం లేదు అనుకున్నాను. నాకు హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ హాయి నాకు గుర్తుంది.

బడులు తెరవకముందే వాళ్ళు చీరాలలో రైలెక్కారు. అమ్మ ఒక జాడీ ఆవకాయ, రెండు పరుపుచుట్టలు, గిన్నెల మూట పట్టుకుంది. చెల్లి తన పలకా పుస్తకాలూ ఎవరికీ ఇవ్వనని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రైలు కదిలాక అమ్మ కిటికీలోంచి ఒక్క మాటే అంది. "పెద్దమ్మకి పనిలో సాయం చెయ్యి. ఊరికే తిన్నట్టుండకూడదు."

పెద్దమ్మ వాళ్ళు నన్ను బాగా చూసుకున్నారు. వాళ్ళ ఊరి నుంచి సత్తెనపల్లి హైస్కూలుకి రోజూ బస్సు. పొద్దున లేస్తే పురుగుమందు వాసన, బస్సెక్కితే పత్తి బోరాల మీద కూర్చుని ప్రయాణం. పెదనాన్నకి ఆ ఏడు కూడా పంట చేతికి రాలేదు. అయినా నా ఫీజు సంగతి వాళ్ళెప్పుడూ ఎత్తలేదు. ఏ పనీ చెప్పేవాళ్ళు కాదు. నేనే కల్పించుకుని చేసేదాన్ని. అంత బాగా ఇంకే ఏడూ చదవలేదు.

పదిహేను రోజులకోసారి తిరుపూరు నుంచి ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చేది. నాన్న రాసేవాడు. చివర్లో చెల్లికి కాస్త చోటు వదిలేవాడు. మొదటి ఉత్తరంలో అది చోటు చాలక అంచుల వెంబడి కూడా రాసింది. ఇక్కడ ఇంటావిడ తెలుగే మాట్లాడుతుందట, కానీ ఆమెకి తెలుగు చదవడం రాదట, తనే చదివి వినిపిస్తోందట. రెండో ఉత్తరంలో నాలుగు ముక్కలు. దసరా నాటికి "అక్కా బాగున్నాను, నువ్వు బాగున్నావా" అని ఒక్క వరస. సంక్రాంతి దాటాక ఆ చోటు ఖాళీగానే వచ్చింది. పరీక్షల హడావుడిలో ఉన్నాను. దానికి బద్ధకం అనుకున్నాను.

పదో తరగతి పరీక్షలు అయిపోయాక తిరుపూరు వెళ్ళాను. స్టేషన్‌కి వచ్చిన నాన్నని చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఒళ్ళు చేశాడు. దారిలో ఎవరెవరో ఆయనకి నమస్కారాలు పెడుతున్నారు. అక్కడ ఆయన్ని మేస్త్రీ అంటున్నారు. నేను చెప్పింది మంచి మాటే అయింది అనుకుంటూ ఆయన వెనకాల నడిచాను.

ఇంట్లో చెల్లి నేల మీద బనియన్ల కుప్ప ముందేసుకుని కూర్చుంది. చేతిలో చిన్న కత్తెర. కుట్టు చివర్ల వేలాడే దారాలు కత్తిరించి పక్కన పడేస్తోంది. నన్ను చూసి నవ్వింది, లేవలేదు. "ఇవైపోవాలి అక్కా, సాయంత్రం వచ్చి పట్టుకుపోతారు," అంది.

"బడికి సెలవులిచ్చారా?" అన్నాను.

అది అమ్మ వైపు చూసింది. అమ్మ స్టౌ వైపు తిరిగింది.

తెలుగు బడి ఉన్న మాట నిజమే. ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారి వెళ్ళాలి. వెళ్ళి చూస్తే పిల్లలు లేక తలుపులు వేసి ఉంది. దగ్గరి బడిలో చేర్చారు. తమిళం రాదు కాబట్టి మూడో తరగతిలో కూర్చోవాల్సిన పిల్లని ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. టీచరు మంచిదేనట. కానీ ఐదేళ్ళ పిల్లల మధ్య ఎనిమిదేళ్ళది, అందరి కంటే తల పైకి కనపడుతూ. ఆటల్లో చెల్లి తమిళం గడగడా మాట్లాడింది, నేను చెప్పినట్టే మూడు నెలల్లో. బడిలో మాత్రం నోరు తెరవలేదు. పొద్దున్నే కడుపునొప్పి వచ్చేది. పొంగల్ సెలవులయ్యాక వెళ్ళనంది. అమ్మ అప్పటికి కంపెనీలో కుట్టిన బనియన్లు సరిచూసే చెకింగ్ పనిలో చేరింది. ఇంట్లో ఒంటరిగా ఎందుకని పక్కింటి వాళ్ళు దారాలు కత్తిరించే పని చూపించారు.

"నాకెందుకు రాయలేదు?" అని నాన్నని నిలదీశాను.

"నీకు పరీక్షలు కదే," అన్నాడు.

అక్కడున్నన్నాళ్ళూ దాన్ని కూర్చోబెట్టి తెలుగు వాచకం చదివించాను. మొదటి వారం బాగానే కూర్చుంది. ఒత్తులు మర్చిపోయింది. ఒత్తున్న మాట వస్తే ఆగి, నా మొహం చూసేది. నేను కసిరేదాన్ని. టీచరునవ్వాలని అప్పుడే అనుకుంటున్నాను, అయినా దాన్ని కసిరాను. ఒకరోజు పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"ఇది చదివితే ఇక్కడ ఎవరికి చెప్పాలక్కా?"

నాతో పెద్దమ్మ దగ్గరికి వచ్చేయమన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. పంట పోయి వాళ్ళే అల్లాడుతున్నారు, ఇద్దరు పిల్లల్ని వాళ్ళ మీద ఎట్లా వేస్తామంది. చెల్లి కూడా రానంది. "అమ్మ పనికెళ్ళొచ్చేసరికి ఎవరూ ఉండరు కదా," అంది. నేను ఇంకా గట్టిగా పట్టుబట్టాల్సింది. నేను పెద్దమ్మ ఇల్లు వదిలి అక్కడే ఉండిపోతానని, దాన్ని నేనే చదివిస్తానని కూడా అని ఉండొచ్చు. అప్పటికే గుంటూరులో ఇంటర్మీడియట్ హాస్టలు సీటు గురించి కనుక్కుని ఉన్నాను. అనలేదు. జూన్‌లో ఒక్కదాన్నే రైలెక్కాను.

తర్వాత సంగతులు త్వరగా జరిగిపోయాయి. ఇంటరు, డిగ్రీ, బి.ఎడ్. నాకు పంపే డబ్బులో చెల్లి కత్తెర పని కూడా కలిసి ఉందని తెలుసు. పదమూడో ఏట అది కుట్టు మిషను మీద కూర్చుంది. చేతివేగం నాన్నదే వచ్చిందని ఆయన మురిసిపోయేవాడు. నాకు ప్రకాశం జిల్లాలో, సింగరాయకొండకి దగ్గర్లో ఒక పల్లె హైస్కూల్లో తెలుగు టీచరు ఉద్యోగం వచ్చింది. చేరే రోజు అమ్మా నాన్నా వచ్చారు. చెల్లికి సెలవు దొరకలేదు.

నాన్న తరగతి గది బయట వరండాలో నిలబడి నేను పాఠం చెప్పడం విన్నాడు. మధ్యమధ్య దగ్గాడు. అన్నేళ్ళ దూది నుసి ఆ రొమ్ములోనే ఉంది. పాఠం అయ్యాక నా పక్కకొచ్చి, ఎవరూ వినకుండా అన్నాడు. "ఆ రోజు నిన్నడగడం నాది తప్పు. చిన్నపిల్లవి. నేను సొంతంగా చెప్పుకోలేక నీ నోటితో చెప్పించా."

నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. చెమట తుడుచుకున్నట్టు తువ్వాలుతో మొహం తుడుచుకుని, నీళ్ళ కుళాయి వదులుగా ఉందని చూసి బిగించాడు.

ఆ సాయంత్రం వంట చేస్తూ అమ్మకి కూకట్‌పల్లి సంగతంతా చెప్పేశాను. ఆ గుడ్డ, ఆ అమ్మాయి, నేనన్న "కాదు". ఉల్లిపాయలు తరుగుతూ విన్నది.

"మీ నాన్నని అట్లా నువ్వు చూళ్ళేకపోయావు," అంది చివరికి. "నేను చూసేదాన్నే. నన్నెవరు అడిగారు?"

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

చెల్లి రెండేళ్ళ తర్వాత వచ్చింది. అప్పటికి దానికి పద్దెనిమిది నిండాయి. వారం సెలవు పెట్టుకుని ఒక్కతే వచ్చింది. రైలు దిగి ఒంగోలు బస్టాండుకి చేరానని ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి జనం మధ్య నిలబడి ఉంది. మంచి చీర, జడలో పూలు, భుజాన సంచి. ఆగి ఉన్న బస్సు ముందు నిలబడి పక్కనున్న ముసలామెని అడుగుతోంది. "ఇది ఎటెళ్ళే బస్సమ్మా?" బోర్డు దాని తల మీదే ఉంది. పెద్ద అక్షరాలు. ముసలామె కూడా చదవలేక ఇంకొకర్ని అడిగింది. నేను వెంటనే పిలవలేకపోయాను. టీ కొట్టు దగ్గర నిలబడి, కాసేపటికి ఇప్పుడే వస్తున్నట్టు వెళ్ళాను.

బస్సులో కూర్చున్నాక చెప్పాను. ఇన్నేళ్ళూ దాచుకున్నదంతా ఒకే ఊపులో చెప్పాను. తిరుపూరు అని చెప్పింది నాన్న కాదు, నేనని.

"తెలుసక్కా," అంది. "తలుపు వెనకాలే ఉన్నా. నాకైతే భలే సంతోషమేసింది, రైలెక్కొచ్చని."

సంచి ఒళ్ళోకి తీసుకుంది.

"తర్వాత కోపమొచ్చేది. నువ్వు సెలవులకొచ్చి పుస్తకం తెరిచినప్పుడు బాగా వచ్చేది. నువ్వెళ్ళిపోతావు కదా, నాకెందుకు నేర్పిస్తావు అనిపించేది. ఇప్పుడేం లేదులే. పనిలో పడితే ఏం గుర్తుంటాయి."

నేను క్షమించమని అడగలేదు. అడిగితే అది సరేనంటుంది. సరేననడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ నా జాకెట్లన్నీ సరిచేసి కుట్టింది. పక్కింటివాళ్ళవీ కుట్టిపెట్టింది. నా బల్ల మీది పిల్లల పరీక్ష పేపర్లు తిరగేసి, ఎర్ర సిరా ఎక్కువున్న పేపరు తీసి, "వీడు నాలాంటోడా?" అని నవ్వింది. అక్షరాలు మళ్ళీ మొదలుపెడదామా అని నేను అడిగాను. ఇంకోసారి ఎక్కువ సెలవు పెట్టుకుని వస్తానంది. ఐదో రోజు పొద్దున కంపెనీ నుంచి ఫోనొచ్చింది. పెద్ద ఆర్డరు తగిలింది, వెంటనే రమ్మన్నారు. ఫోన్లో అది తమిళంలో ఎంత చనువుగా, ఎంత గట్టిగా మాట్లాడిందో. అవతలివాళ్ళని దబాయించి ఒక పూట గడువు కూడా తీసుకుంది. అట్లాంటి గొంతు దానికి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

మధ్యాహ్నం నేను చేసిన గోంగూర పచ్చడి సీసాలో పెట్టుకుని బయల్దేరింది. రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద ఇద్దరం నిలబడ్డాం. వాళ్ళ కంపెనీలో కొత్తగా తెచ్చిన మిషను గురించి చెబుతూనే ఉంది. నాకు సగం అర్థం కాలేదు. అయినా ఊఁ కొడుతూ విన్నాను.